నీళ్ళు తక్కువైనా పూసే మొక్కలు: పాఠకుల పెరటి ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. బోర్లు అడుగంటుతున్నాయి, ఇంటి ముందు పూలు మాత్రం ఉండాలి. రాయలసీమ నుంచే కాదు, తెలంగాణ నుంచీ, అమెరికా నుంచీ కూడా ఇదే రాశారు. అందుకని ఈ సంచికలో గులాబీలు, చామంతులు పక్కన పెట్టి, ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండి తక్కువ నీటితో పూసే మొక్కల సంగతి మాట్లాడుకుందాం.

ప్రశ్న: మాది కొత్త కాలనీ. మూడు సెంట్ల స్థలంలో ఇల్లు పోగా ముందు, పక్కన కొంచెం జాగా మిగిలింది. ఎర్ర గరుసు నేల. ఎండాకాలం బోరు ఆగిపోతుంది, అప్పుడు ట్యాంకరే దిక్కు. పూజకు రోజూ గుప్పెడు పూలు కావాలి. ఏటేటా కొత్తగా నాటుకునే ఓపిక లేదు. ఏవి పెట్టుకోమంటారు?
– ఒక గృహిణి, ధర్మవరం

జవాబు: అమ్మా, మీ నేల సంగతి నాకు విడమర్చి చెప్పనక్కర్లేదు. అనంతపురం ఊరి చివర మా ఇల్లు కూడా అలాంటి గరుసు మీదే ఉంది. గడ్డపార వేస్తే ఖంగుమంటుంది. కానీ ఈ నేలకు ఒక మంచి గుణం ఉంది, నీళ్ళు నిలవవు. కరువుకు ఓర్చే మొక్కలకు కావలసింది అదే. ఎండకు చచ్చేవాటి కన్నా వేళ్ళ దగ్గర నీరు నిలిచి చచ్చేవే ఎక్కువ.

రోజూ పూలు కావాలంటే ముందు నందివర్ధనం, గన్నేరు పెట్టండి. రెండూ దాదాపు ఏడాది పొడవునా పూస్తాయి. నందివర్ధనంలో ముద్ద రకం నిండుగా కనిపిస్తుంది గానీ, పొద్దున్నే చీకట్లో తెల్లగా మెరిసే ఒంటిరేకు నందివర్ధనమే నాకు ఇష్టం. గన్నేరు ఎంత మొండిదో దాని ఆకే చెబుతుంది. ఆకు గాలి పీల్చే రంధ్రాలు అడుగు వైపున చిన్న చిన్న గుంటల్లో, సన్నటి నూగు మాటున ఉంటాయి. వడగాలి వాటికి నేరుగా తగలదు, లోపలి తడి తొందరగా పోదు. జాతీయ రహదారుల డివైడర్లలో లారీల పొగకు, మే నెల ఎండకు తట్టుకుని గన్నేర్లు గులాబిరంగులో పూస్తున్నాయంటే కారణం ఇదే. ఇంట్లో పసిపిల్లలున్నా, పశువులున్నా మాత్రం గన్నేరు జోలికి వెళ్ళే ముందు కింద కడప ఉత్తరానికి రాసిన జవాబు చదవండి.

కాంపౌండు మూలకు ఒక దేవగన్నేరు. దాని లావుపాటి కొమ్మల్లోనే నీళ్ళు దాచుకుంటుంది. చలికాలం దాటేసరికి ఆకులన్నీ రాల్చి మోడులా నిలబడుతుంది, చచ్చిపోయిందనుకుని పీకేయకండి. మరో మూల పారిజాతం. వానాకాలం చివర్లో మొదలుపెట్టి చలికాలం దాకా పూస్తుంది. కింద రాలిన పూలు ఏరి పూజకు వాడుకునే చెట్టు అది కాబట్టి, దాని కింద శుభ్రంగా అలికి పెట్టుకునే చోటు చూసుకోండి. గ్రిల్లు మీదికి శంఖుపూల తీగ పాకించండి. అది చిక్కుడు కుటుంబానిది, వేళ్ళ బుడిపెల్లో నత్రజనిని నిలుపుకుని నేలకే మేలు చేస్తుంది. గోడ వెంబడి చంద్రకాంత. ఎండాకాలం పైమొక్క ఎండిపోయినా నేలలో దుంప బతికే ఉంటుంది, తొలకరికి మళ్ళీ లేస్తుంది. మందారం మీద మనసుంటే ఒక్కటంటే ఒక్కటి, బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు పోసుకునే చోట పెట్టుకోండి. దానికి నీళ్ళు కావాలి.

ఇక అసలు సంగతి. ఈ మొక్కలేవీ నర్సరీ నుంచి వచ్చిన రోజు నుంచే కరువుకు ఓర్చుకోవు. వేరు లోతుకు దిగాకే ఆ శక్తి వస్తుంది. వేరును దింపాల్సింది మనం, అదీ మొదటి ఏడాదిలోనే.

సాయంత్రం పైపు పట్టుకుని మొక్క మొదట్లో రోజూ చెంబెడు నీళ్ళు చల్లడం చాలామందికి అలవాటు. ఆ నీళ్ళు పైన రెండంగుళాలు తడిపి మర్నాడు మధ్యాహ్నానికి ఆవిరైపోతాయి. వేళ్ళు కూడా ఆ రెండంగుళాల్లోనే అల్లుకుంటాయి. ఏప్రిల్లో మీరు పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళితే మొక్క తల వాల్చేస్తుంది. అలా కాకుండా పాదు వెడల్పుగా కట్టి, రెండు బకెట్ల నీళ్ళు, అంటే 30 లీటర్ల దాకా, నిదానంగా ఇంకేలా పోయండి. తర్వాత వారం దాకా ముట్టుకోకండి. పైన మట్టి ఆరుతున్నకొద్దీ వేరు తడిని వెతుక్కుంటూ కిందికి పోతుంది. ఎన్ని నీళ్ళు పోశామన్నది కాదమ్మా, ఎంత లోతుకు దిగాయి, మధ్యలో ఎంత ఎడం ఇచ్చాం అన్నదే చూసుకోవాలి.

నీళ్ళు ఎంత లోతుకు దిగాయో తెలుసుకోవడానికి పాత సైకిల్ స్పోకు ఒకటి దగ్గర పెట్టుకోండి. నీళ్ళు పోసిన మర్నాడు పాదులో గుచ్చండి. తడి ఉన్నంత మేరా మెత్తగా దిగుతుంది, పొడి మట్టి రాగానే మొరాయిస్తుంది. మన గరుసులో రాళ్ళు తగులుతుంటాయి. రాయి అయితే టక్కుమని చేతికి తెలుస్తుంది, పొడి మట్టి అయితే చప్పుడు లేకుండా ఆగిపోతుంది. అనుమానమొస్తే పక్కన నాలుగు వేళ్ళ దూరంలో ఇంకోసారి గుచ్చండి. జానెడన్నా దిగలేదంటే నీళ్ళు చాలలేదు, లేదా గబగబా పోయడంతో పక్కకు పారిపోయాయి.

రెండో ఏడాది ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి, మూడో ఏడాది నుంచి ఏప్రిల్, మే నెలల్లో నెలకోసారి ఇస్తే సరిపోతుంది. మొక్క పెరుగుతున్నకొద్దీ పాదును బయటికి జరపాలి. కొమ్మల కొసలు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడే నీళ్ళు పోయాలి. నీరు తాగే సన్నటి వేళ్ళు ఉండేది అక్కడే గానీ కాండం మొదట్లో కాదు.

నాటడం జూలై నుంచి సెప్టెంబరు లోపు పెట్టుకోండి. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంట తీసి, పైమట్టిలో గంపెడు మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ళ వేపపిండి కలిపి నింపండి. నర్సరీలో ఏపుగా ఉన్న పెద్ద మొక్క మీద మోజు పడకండి. చిన్న సంచిలో ఎక్కువ కాలం పెరిగిన మొక్కకు వేళ్ళు లోపల చుట్టలు చుట్టుకుని ఉంటాయి, నేలలో పెట్టినా ఆ చుట్ట విప్పుకోవు. జానెడు, మూరెడు మొక్కే తీసుకోండి. చుట్టలు కనిపిస్తే నాటేముందు బ్లేడుతో రెండు మూడు చోట్ల నిలువునా గాటు పెట్టండి.

పాదు మీద మూడంగుళాల మందాన చెనక్కాయ పొట్టు పరవండి. మన దగ్గర మిల్లుల్లో దొరికేదే. నేల వేడెక్కదు, తడి ఆరదు. కాండం చుట్టూ నాలుగు వేళ్ళ మేర మాత్రం ఖాళీ వదలాలి, లేకపోతే ఆ పొట్టులోంచి చెదలు కాండానికి ఎక్కుతాయి.

చివరగా వాన లెక్క. మన వైపు ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు, అందులోనూ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే బాగా పడుతుంది. దేశంలో బాగా తక్కువ వాన పడే ప్రాంతాల్లో మనదీ ఒకటి. అయినా సెంటు అంటే 40 చదరపు మీటర్లు. ఆ ఒక్క సెంటు మీద ఏడాదిలో పడే నీళ్ళు 22,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు దాటాయి చూడండి. మీ మిద్దె మీద పడే నీళ్ళను పైపు ద్వారా వీధి కాలువలోకి కాకుండా దేవగన్నేరు, పారిజాతం పాదుల్లోకి మళ్ళించండి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీకి చెబితే పెద్ద ఖర్చు లేకుండా పైపు అటు తిప్పుతాడు. ఇప్పటికే కట్టేసి ఉంటే ఒక వంపు ముక్క అతికిస్తే చాలు. నీళ్ళు కొనుక్కునే ఊళ్ళలో వాన నీళ్ళు వీధిలో పారుతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

ప్రశ్న: మేడమ్, ఫ్లాట్ బాల్కనీలో కుండీల్లో బిళ్ళగన్నేరు పెంచుతున్నాను. ఎండాకాలమంతా చక్కగా పూసింది. వానలు మొదలయ్యాక ఒక్కో కొమ్మా నల్లబడి వాలిపోతోంది. నీళ్ళు ఎక్కువ పోస్తే తేరుకుంటుందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: పోయకండమ్మా, నీళ్ళు ఎక్కువయ్యే దానికి వేరుకుళ్ళు పట్టింది. బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చిన మొక్క, పొడి నేలను ఇష్టపడుతుంది. కుండీని వాన జల్లు తగలని చోటికి మార్చండి. అడుగున కన్నం మూసుకుపోయిందేమో చూడండి, కింద పెట్టిన ప్లేటు తీసేయండి. బాగున్న కొమ్మలు ఉంటే వేలెడు ముక్కలుగా కత్తిరించి, సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి, నాటుకుంటాయి. జబ్బు పడిన కుండీ మట్టిని మళ్ళీ దీనికే వాడొద్దు.

ప్రశ్న: మేడ మీద డ్రమ్ముల్లో రెండు కాగితం పూల మొక్కలున్నాయి. రోజూ నీళ్ళు పోస్తున్నాను, నెలనెలా పేడ ఎరువు, అప్పుడప్పుడు యూరియా కూడా వేస్తున్నాను. ఆకులు నిగనిగలాడుతున్నాయి, కొమ్మలు బారెడు పొడవు సాగాయి. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. పక్కింటివాళ్ళది ఎవరూ పట్టించుకోకపోయినా విరగబూస్తోంది.
– విశ్రాంత ఆర్టీసీ కండక్టరు, విజయవాడ

జవాబు: అయ్యా, జవాబు మీ ఉత్తరం చివరి వాక్యంలోనే ఉంది. కాగితం పూల మొక్క హాయిగా ఉన్నంతకాలం ఆకులు, కొమ్మలు వేసుకుంటూ పోతుంది. నీటి ఎద్దడి తగిలితేనే పూతకు వస్తుంది. యూరియా నత్రజని ఎరువు, అది ఆకునే పెంచుతుంది. ఎరువు ఈ ఏడాదికి పూర్తిగా ఆపేయండి.

వానలు తగ్గాక, నవంబరులో ఇలా చేయండి. బారుగా సాగిన కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి. పూలు కొత్త చిగురు మీదే వస్తాయి. చిగుళ్ళు జానెడు పెరిగేదాకా మామూలుగా నీళ్ళిచ్చి, ఆ తర్వాత ఆపండి. లేత ఆకులు మధ్యాహ్నం వేళ వాలి, సాయంత్రానికి కూడా లేవకపోతే అప్పుడు ఒకసారి నిండా పోయండి. మళ్ళీ వాలేదాకా ఆగండి. ఇలా కొన్ని విడతలు గడిచేసరికి కొసల్లో రంగు తిరుగుతుంది. మనం పూలనుకునే ఆ రంగు రేకులు నిజానికి ఆకులే. మధ్యలో అగ్గిపుల్లలంత సన్నగా మూడు గొట్టాలు, కొసన తెల్లటి నక్షత్రాల్లా ఉంటాయి చూడండి, అసలు పూలు అవి. ఆ రంగు రేకులు ఆకులు కాబట్టే అన్ని వారాలు రాలకుండా నిలుస్తాయి.

ఇంకొకటి. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడకపోతే పైన చెప్పినవన్నీ చేసినా ఫలితం ఉండదు. డ్రమ్ములు నీళ్ళ ట్యాంకు నీడలో ఉంటే జరిపించండి.

ప్రశ్న: అక్కా, చిన్నప్పుడు బతుకమ్మకు చెరువు గట్టుకు పోతే గంపెడు తంగేడు దొరికేది. ఇప్పుడు అక్కడంతా ప్లాట్లు వేశారు. బజార్లో కొనుక్కోవాల్సి వస్తోంది. ఇంటి ముందు తంగేడు పెంచవచ్చా? నర్సరీలో అడిగితే అది అడవి చెట్టమ్మా, మా దగ్గర ఉండదన్నారు.
– ఒక అంగన్‌వాడీ టీచర్, సిద్దిపేట

జవాబు: చెల్లీ, ఈ ఉత్తరం చదివి నాకు ఎంతో సంతోషమైంది. తెలంగాణ రాష్ట్ర పుష్పాన్ని ఇంటి ముందు పెంచుకుంటానని అడిగినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. నిక్షేపంగా పెంచవచ్చు. ఈ సంచికంతా చదివినా దానికంటే తేలికైన పూలచెట్టు మీకు కనిపించదు. మొదటి మెట్టు దగ్గర మాత్రం కొంచెం మెలకువ కావాలి.

తంగేడుకు తల్లివేరు నేరుగా లోతుకు దిగుతుంది. పెరిగిన మొక్కను గట్టు మీద నుంచి పెకిలించి తెచ్చి నాటితే ఆ వేరు తెగిపోయి బతకదు. సంచిలో పెంచినా వేరు మెలిక పడుతుంది. అందుకే విత్తనమే, అదీ ఉండాల్సిన చోటే నేరుగా వేయాలి. పూత అయిపోయాక చలికాలంలో గోధుమరంగు కాయలు, పలచగా, కాగితంలా ఎండి వేలాడుతుంటాయి. కదిపితే గలగలమంటాయి. ఎక్కడ చెట్టు మిగిలి ఉంటే అక్కడ నుంచి నాలుగు గుప్పెళ్ళు తెచ్చి దాచుకోండి.

గింజ పొట్టు చాలా గట్టిది. అలాగే వేస్తే కొన్ని ఈ ఏడు మొలిస్తే కొన్ని రెండేళ్ళకు మొలుస్తాయి. తొలకరి ముందు, నీళ్ళు మరగకాచి పొయ్యి మీద నుంచి దించండి. పొంగు తగ్గాక గింజలు వేసి మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు ఉబ్బినవాటిని విత్తండి. ఉబ్బనివి ఏరి మళ్ళీ అదే పని చేయండి, లేదా గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్ది నానబెట్టండి. గుంటకు మూడు నాలుగు గింజలు, అంగుళం లోతున, గుంటకూ గుంటకూ ఐదడుగుల దూరం. మొలిచాక బలమైన ఒక్కదాన్ని ఉంచి మిగతావి గోటితో తుంచేయండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

ఎరువు అక్కర్లేదు. మొదటి వానాకాలంలో పదిహేను రోజులు వరసగా వాన లేకపోతే ఒక బకెట్. ఆ వచ్చే ఎండాకాలంలో నెలకు రెండుసార్లు. తర్వాత ఇక నీళ్ళ మాటే మర్చిపోవచ్చు. రెండో ఏటో, మూడో ఏటో బతుకమ్మ నాటికి పసుపు కమ్ముకుంటుంది. పూలు కొసల్లో వస్తాయి కాబట్టి బతుకమ్మకు మీరు కొమ్మతో సహా కోసుకుంటే అదే దానికి కత్తిరింపు. ఫిబ్రవరిలో ఇంకోసారి నడుమెత్తుకు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది. గునుగు మాత్రం ఇలా ఏళ్ళ తరబడి ఉండదు, దాని గింజలు పక్కనే చల్లుకుంటే ఏటా వానలకు తనంత తాను లేస్తుంది.

ఆకుల మీద సన్నటి ఆకుపచ్చ పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. లేత పసుపు, తెలుపు రంగుల్లో గుంపులుగా ఎగిరే సీతాకోకచిలుకలు తంగేడు జాతి మొక్కల మీదే గుడ్లు పెడతాయి. ఆకు కొంత తింటాయి, చెట్టుకు ఏమీ కాదు. ఒకప్పుడు తోళ్ళు ఊనడానికి తంగేడు చెక్క ఒలుచుకుపోయేవాళ్ళు, ఇప్పుడు జేసీబీలు వచ్చాయి. మీ అంగన్‌వాడీ ఆవరణలో కూడా నాలుగు గుంటలు వేయించండి, పిల్లల చేత గింజలు విత్తించండి.

ప్రశ్న: మా నందివర్ధనం ఆకులు రాత్రికి రాత్రే మాయమవుతున్నాయి. కాడలు మాత్రమే మిగులుతున్నాయి. పురుగు కనపడదు. మేకలేమీ లోపలికి రావు. ఏ మందు కొట్టాలి?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: బాబూ, పురుగు నీ కళ్ళ ముందే ఉంది, ఆకు రంగులో ఉండి కనపడటం లేదంతే. ముందు చెట్టు కింద నేల చూడు. మిరియాల కన్నా పెద్దగా నల్లటి పెంటికలు పడి ఉంటాయి. వాటికి సరిగ్గా పైన ఉన్న కొమ్మను అడుగు వైపు నుంచి వెతుకు. వేలంత లావున ఆకుపచ్చ పురుగు కాడను కరుచుకుని ఉంటుంది. పక్కల వెంబడి తెల్లటి గీత, తోక దగ్గర చిన్న కొమ్ము, తల వెనకాల రెండు వైపులా నీలం, తెలుపు కలిసిన గుండ్రటి మచ్చలు. ముట్టుకుంటే తల లోపలికి ముడుచుకుంటుంది, అప్పుడు ఆ మచ్చలు రెండు కళ్ళు తెరిచినట్టు ఉబ్బుతాయి. భయపడకు, కుట్టదు, కరవదు. గన్నేరు మీద, నందివర్ధనం మీద బతికే పెద్ద రెక్కల పురుగు పిల్ల అది.

మందు అక్కర్లేదు. ఒక చెట్టు మీద గుప్పెడు కూడా ఉండవు. సాయంత్రం టార్చి వేసుకుని ఏరి, దూరంగా పొదల్లో ఉన్న గన్నేరు మీద వదిలిరా. గోధుమరంగుకు తిరిగి నేల మీద పాకుతూ కనిపించినవాటిని అలాగే వదిలెయ్, వాటి తిండి అయిపోయింది, గూడు కట్టుకోవడానికి వెళ్తున్నాయి. చెట్టుకు వారం తర్వాత ఒకసారి నిండా నీళ్ళు పెట్టు, చిగురు దానంతటదే వస్తుంది.

ప్రశ్న: నూరువరహాలు మొక్కకు కొత్త ఆకులన్నీ పసుపు పచ్చగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. నీళ్ళు వృథా కాకూడదని వాటర్ ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్ళే పట్టి పోస్తున్నాను.
– ఒక టైలర్, ఆదోని

జవాబు: నీళ్ళు వృథా చేయకూడదన్న మీ ఆలోచనకు దండం పెట్టాలి. కాకపోతే నూరువరహాలు అందుకు తగిన మొక్క కాదు. ఫిల్టరు బయటికి తోసే నీళ్ళలో ఉప్పులన్నీ చిక్కబడి ఉంటాయి. ఆ నీళ్ళతో మట్టి క్షారం ఎక్కి, అందులో ఇనుము ఉన్నా వేరుకు అందకుండా పోతుంది. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరగడం ఆ లోపానికి గుర్తు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఎండ తగ్గాక ఆకులన్నీ తడిసేలా చల్లండి. వారం ఎడంతో రెండు మూడుసార్లు చల్లితే కొత్త ఆకు రంగు మారుతుంది. ఫిల్టరు నీళ్ళను గన్నేరుకు, కాగితం పూలకు మార్చండి, అవి ఉప్పదనాన్ని బాగా ఓర్చుకుంటాయి. వాటికి కూడా వానాకాలంలో మంచి వాన ఒకటి రెండుసార్లు నిండా తగిలి, పేరుకున్న ఉప్పు కిందికి కడుక్కుపోవాలి. నూరువరహాలుకు వాన నీళ్ళు పట్టి ఉంచుకుని పోయగలిగితేనే ఉంచుకోండి. మీ నేలలో అది ఎప్పుడూ ఏదో ఒక నలత పడుతూనే ఉంటుంది.

ప్రశ్న: ప్రహరీ వెంబడి గన్నేరు, పచ్చగన్నేరు ఏపుగా ఉన్నాయి. మనవడికి ఏడాదిన్నర, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు. గన్నేరు విషమంటారు కదా, కొట్టించేయమంటారా?
– ఒక నానమ్మ, కడప

జవాబు: అమ్మా, విషమన్నది నిజమే. ఆకు, పువ్వు, కొమ్మ, గింజ, పాలు, అన్నీ గుండె మీద పనిచేసే విషమే. ఎండిన ఆకుకు కూడా ఆ గుణం పోదు. పచ్చగన్నేరును ఇప్పుడే తీయించేయండి. దాని కాయలు రాలి నేల మీద దొర్లుతుంటాయి, పిల్లలు వాటితో ఆడుకుంటారు. లోపలి గింజ చాలా ప్రమాదం. గన్నేరును కూడా పిల్లవాడికి ఊహ తెలిసేదాకా అందే ఎత్తులో ఉంచవద్దు, ఇంటి వెనక వైపుకు, గేటు వేసే చోటికి పరిమితం చేయండి.

కొట్టించేటప్పుడు కొమ్మల్ని కుప్ప వేసి కాల్చకండి, ఆ పొగ పీల్చినా మంచిది కాదు. గడ్డితో కలిపి వీధిలో పడేస్తే ఆవులు తింటాయి. గొయ్యి తీసి పూడ్పించండి. కోసినవాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఎప్పుడైనా పిల్లవాడు నమిలాడని అనుమానం వచ్చినా ఇంటి వైద్యాలు, వాంతులు చేయించడాలు పెట్టుకోకుండా, నమిలిన కొమ్మ చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఆ జాగాలో డిసెంబరు పూలు వేసుకోండి. నందివర్ధనం, దేవగన్నేరు కూడా పాలు కారేవే కాబట్టి ఇప్పుడప్పుడే వద్దు.

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటున్నాం. సొంత ఇల్లు కొన్నాం. వేసవిలో తోటకు నీళ్ళు పెట్టడం మీద ఆంక్షలున్నాయి. కనకాంబరం, నందివర్ధనం, దేవగన్నేరు నేలలో పెట్టాలని మా అత్తగారి కోరిక. బతుకుతాయా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: వేసవి గురించి బెంగ లేదమ్మా, మీ దగ్గర 40 డిగ్రీల ఎండను ఆ మొక్కలు ఇక్కడ రోజూ చూస్తున్నవే. ఇబ్బంది చలికాలంతో. నీళ్ళు గడ్డకట్టే చలి ఒక్క రాత్రి పడినా కనకాంబరం, దేవగన్నేరు పోతాయి. అత్తగారి కోసం వాటిని కుండీల్లోనే పెంచి, చలి మొదలవగానే గ్యారేజీలోకి చేర్చండి. దేవగన్నేరు ఆకులు రాల్చి నిద్రపోతుంది, అప్పుడు దానికి వెలుతురు, నీళ్ళు దాదాపు అక్కర్లేదు. కనకాంబరాన్ని కిటికీ పక్కన పెట్టాలి.

నేలలో మాత్రం ఆ నేల మొక్కలే పెట్టమంటాను. మన దండల్లో చామంతి పక్కన గుచ్చే గైలార్డియా ఉంది చూడండి, ఎరుపు మధ్యలో, పసుపు అంచు. దాని పుట్టిల్లు ఉత్తర అమెరికానే, టెక్సస్ రోడ్ల పక్కన తనంత తానే పూస్తుంది. నర్సరీలో ఏళ్ళ తరబడి ఉండే రకం అని అడిగి తీసుకోండి. పూజకు ఎర్రటి పువ్వు కావాలంటే టర్క్స్ క్యాప్. మన మిరప మందారానికి దగ్గరి చుట్టం, పువ్వు అలాగే ముడుచుకునే ఉంటుంది, కొంత నీడలోనూ పూస్తుంది. చలికి పైమొక్క ఎండిపోతుంది, వసంతంలో వేరు నుంచి మళ్ళీ లేస్తుంది. టెక్సస్‌లోనే పుట్టిన సాల్వియా గ్రెగియై కూడా వేయండి, ఎండకు, కరువుకు దానికి సాటి తక్కువ.

మీ డాలస్ వైపు చాలాచోట్ల మన నల్లరేగడి లాంటి బంకమట్టి. ఎండకు బీటలు వారుతుంది, వానకు నీరు వదలదు. గుంటలో కాకుండా జానెడు ఎత్తు మట్టి పోసి దాని మీద నాటండి. ఇక్కడ మేం తొలకరికి నాటుతాం, అక్కడ అక్టోబరులో నాటుకోవడం మేలు. ఎండలు వచ్చేలోపు వేరుకు కావలసినంత సమయం దొరుకుతుంది.

ప్రశ్న: డిసెంబరు పూల మొక్కలు గుబురుగా ఉన్నాయి. వినాయక చవితి అయ్యాక చక్కగా కత్తిరించాను. అంతే, ఆ ఏడాది అక్కడొకటి ఇక్కడొకటి తప్ప పూయలేదు. తెల్లది, ఊదాది, చారలది మూడూ ఉన్నాయి.
– ఒక పోస్టుమాస్టరు, ఒంగోలు

జవాబు: ఆ మొక్క వానాకాలంలో వేసుకున్న కొమ్మల కొసల్లోనే మొగ్గ వేస్తుంది. మీరు చవితి తర్వాత కత్తిరించింది ఆ కొసల్నే. పూత అయిపోగానే, ఫిబ్రవరిలో, మోకాలెత్తుకు కత్తిరించి వదిలేయండి. ఎండాకాలం నెలకు రెండుసార్లు నీళ్ళు చాలు. జూలై దాటాక కత్తెర ముట్టుకోకండి. సాగిన కొమ్మలుంటే తొలకరిలో జానెడు ముక్కలు కోసి, కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చండి. చారలది ముందు పెట్టుకోండి, దాన్ని అడిగేవాళ్ళు ఎక్కువ.